రెండు కంప్యూటర్ల ఊళ్ళో పెద్దమనిషి ఎవరు?

ఆఫీసులో రెండొందల కంప్యూటర్లకి నెట్‌వర్క్ పెట్టడం కన్నా, ఇంట్లో రెండు పాత కంప్యూటర్లని కలపడమే కష్టం అంటే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు కూడా నవ్వుతారు. "ఒక కేబులు గుచ్చితే పోయె, అందులో ఏముంది" అంటారు. ఏముందంటే, ఆఫీసులో అడగడానికి ఒక పెద్దమనిషి ఉంటాడు. ఐపీ అడ్రసు కావాలా, డీహెచ్‌సీపీ సర్వర్ ఇస్తుంది. ఫలానా మెషీన్ ఎక్కడుందో తెలియాలా, డీఎన్‌ఎస్ చెబుతుంది. ఈ యూజర్‌ని లోపలికి రానివ్వొచ్చా, డొమైన్ కంట్రోలర్ తేలుస్తుంది. ఇవేవీ కుదరకపోతే తిట్టుకోవడానికి ఒక అడ్మిన్ ఎలాగూ ఉంటాడు. ఇంట్లోనో? రెండు పాత డబ్బాలు. రెండూ సమానమే. ఒకదాని మాట ఇంకోటి ఎందుకు వినాలి?

ఇళ్ళలో నెట్‌వర్క్ చరిత్ర పైకి వైర్లు, కార్డులు, డ్రైవర్ల కథలా కనిపిస్తుంది. నాకు మాత్రం అది పెద్దమనిషి లేని పంచాయితీ కథలా కనిపిస్తుంది. ముందు ఎవరు మాట్లాడాలి, ఏ వైరు మీద మాట్లాడాలి, ఎవరి అడ్రసు ఏది, ఎవరి పేరేంటి, ఎవర్ని నమ్మాలి... తగువులన్నీ ఇవే. వీటిలో మూడింటిని ఇంజనీర్లు బొమ్మా బొరుసూ వేసి తీర్చేశారు. నిజంగానే! ఒకదానికి ఎన్నికలు పెట్టారు. చివరిది ఇప్పటికీ తీరలేదు. దాని ఖర్చు 2017లో ప్రపంచమంతా కట్టింది.

మొదటి తగువు నుంచి వద్దాం. 1971లో హవాయి యూనివర్సిటీలో నార్మన్ ఏబ్రమ్సన్ బృందం దీవుల మధ్య రేడియోతో ఒక నెట్‌వర్క్ నడిపింది. దాని పేరు అలోహానెట్. అందరికీ ఒకటే ఫ్రీక్వెన్సీ. ఎవరి వంతు ఎప్పుడో చెప్పేవాడు లేడు. చెప్పాలనిపించినప్పుడు చెప్పెయ్, అందినట్టు జవాబు రాకపోతే ఇంకెవరితోనో గుద్దుకున్నట్టు లెక్క, కాసేపు ఆగి మళ్ళీ చెప్పు. ఆ "కాసేపు" ఎంతసేపు అన్నదే ఇక్కడ కిటుకు. ఇద్దరూ సరిగ్గా ఒకే సమయం ఆగితే మళ్ళీ గుద్దుకుంటారు. అందుకని ఎవరికి వాళ్ళు లాటరీ తీసినట్టు ఏదో ఒక అంకె ఎంచుకుని అంతసేపు ఆగాలి.

అదే సమయంలో హార్వర్డ్‌లో బాబ్ మెట్‌కాఫ్ అనే కుర్రాడి పీహెచ్‌డీ థీసిస్‌ని తిప్పికొట్టారు. ఏబ్రమ్సన్ పేపరు చదివి, ఆ లెక్కల్ని ఇంకా లోతుగా తవ్వి థీసిస్‌లో కలిపితే అప్పుడు ఒప్పుకున్నారు. ఆయన జిరాక్స్ పార్క్‌లో చేరాక, ఆల్టో కంప్యూటర్లని లేజర్ ప్రింటర్‌కి కలపాల్సిన పని పడింది. 1973 మే 22న రాసిన మెమోలో ఈథర్‌నెట్ అన్న పేరు పెట్టాడు. డేవిడ్ బాగ్స్‌తో కలిసి కట్టిన ఆ మొదటి నెట్‌వర్క్ వేగం సెకనుకి 2.94 మెగాబిట్లు. గాల్లోని రేడియో స్థానంలో రాగి కేబులు వచ్చింది, లాటరీ మాత్రం అలాగే ఉంది. తర్వాత 10 మెగాబిట్ల ప్రమాణంలో దీన్ని లెక్కగా రాశారు: ఒకసారి గుద్దుకుంటే రెండు అంకెల్లోంచి ఒకటి తియ్, మళ్ళీ గుద్దుకుంటే నాలుగింట్లోంచి, తర్వాత ఎనిమిదింట్లోంచి... పదహారు సార్లు ఓడిపోతే ఇహ వదిలెయ్. ఇప్పటి స్విచ్‌లలో గుద్దుకోవడాలే లేవు గానీ, మీ ఇంటి వైఫై ఈ క్షణాన కూడా ఇలాంటి లాటరీయే తీస్తోంది.

ఇదంతా ల్యాబులు, ఆఫీసుల సంగతి. 1980లలో ఇంట్లో రెండు కంప్యూటర్లున్నవాడే అరుదు, ఉన్నా ఈథర్‌నెట్ కార్డు ఖరీదు ఇంటికి అందేది కాదు. ఇంటివాళ్ళకి దిక్కు ఫ్లాపీ, లేదంటే సీరియల్ కేబులు.

ఆ సీరియల్ పోర్టులోనే సమానుల సమస్య బట్టబయలైంది. ఆర్‌ఎస్-232 అనే ఆ ప్రమాణం 1960 నాటిది. అటు ఒక టెర్మినల్, ఇటు ఒక మోడెమ్ ఉంటాయన్నదే దాని లోకం. ఒకరు మాట్లాడే పిన్ను మీద ఇంకొకరు వింటారు. రెండువైపులా కంప్యూటర్లే ఉంటే ఇద్దరూ ఒకే పిన్ను మీద మాట్లాడతారు, వినేవాడుండడు. ఇద్దరు సమానులు మాట్లాడుకోవచ్చన్న ఊహే ఆ ప్రమాణంలో లేదన్నమాట. విరుగుడుగా కేబుల్లో 2, 3 వైర్లని అటుదిటు మార్చారు. మధ్యలో మోడెమ్ ఉన్నట్టు నమ్మించే కేబులు కాబట్టి నల్ మోడెమ్ అన్నారు. 1980లలో వచ్చిన ల్యాప్‌లింక్ ఇలాంటి కేబుల్ని సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మింది. 1993లో ఎంఎస్-డాస్ 6 లోనే ఇంటర్‌లింక్ అని ఒక ప్రోగ్రాము ఇచ్చారు. అందులో పెద్దరికం తగువుని చాలా మొరటుగా తీర్చారు. ఒక కంప్యూటర్ సర్వర్. అది సర్వర్‌గా ఉన్నంతసేపూ ఇంకే పనీ చెయ్యదు, తెర మీద స్టేటస్ చూపిస్తూ కూర్చుంటుంది :-)

వేగం సంగతి వేళ్ళ మీద లెక్కేద్దాం. సీరియల్ పోర్టు మహా అయితే 1,15,200 బిట్లు. బైటుకి స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి పది బిట్లు పోతే, సెకనుకి 11,520 బైట్లు. ఒక ఫ్లాపీ నిండా డేటాకి రెండు నిమిషాల పైన. 100 ఎంబీ ఫోల్డర్‌కి రెండున్నర గంటలు. అదే ఫోల్డర్ 10 మెగాబిట్ల ఈథర్‌నెట్ మీద, లెక్క ప్రకారం, నిమిషంన్నర లోపే. అందుకే కార్డులు చవకవగానే జనం ఈథర్‌నెట్ మీద పడ్డారు.

మొదట వచ్చినది సన్న కోయాక్సియల్ కేబులు. వెనకాల టీ ఆకారపు కనెక్టర్లు, రెండు చివర్లా 50 ఓమ్‌ల టెర్మినేటర్లు. మధ్యలో ఎవరి కాలైనా తగిలి ఒక కనెక్టర్ ఊడిందా, అందరికీ నెట్‌వర్క్ పోయినట్టే. దాని గురించి ఇంతకన్నా మంచి మాట నా దగ్గర లేదు. 1990లో 10బేస్-టి ప్రమాణం వచ్చి టెలిఫోన్ వైరు లాంటి మెలిపెట్టిన జతల కేబుల్ని ఈథర్‌నెట్‌కి తెచ్చింది. ఒక్కో కంప్యూటర్ నుంచి హబ్‌కి ఒక్కో కేబులు. 1, 2 వైర్ల మీద మాట్లాడు, 3, 6 మీద విను. హబ్ లోపల వాటిని అదే మార్చి కలుపుతుంది.

హబ్ లేకుండా రెండు కంప్యూటర్లే ఉంటే? మళ్ళీ పాత కథే. ఇద్దరూ 1, 2 మీదే మాట్లాడతారు. అందుకే క్రాస్ కేబులు: ఒక చివర 568ఏ వరస, ఇంకో చివర 568బి వరస. అంటే నారింజ జత, ఆకుపచ్చ జత చోట్లు మార్చుకుంటాయి. అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ కోర్సు చేసినవాళ్ళకి ఈ రంగుల వరస ఎక్కాల్లా నోటికొచ్చు. "రెండు పీసీల మధ్య స్ట్రెయిటా, క్రాసా?" అన్న ఇంటర్వ్యూ ప్రశ్నకి జవాబు చెప్పని ఫ్రెషర్ ఎవరు? క్రింపింగ్ టూల్‌తో చేతులు నొప్పెట్టేలా నొక్కి, ఒక్క వైరు లోపలిదాకా పోక, కనెక్టర్ కోసేసి మళ్ళీ మొదలుపెట్టడం ఆ చదువులో భాగం.

ఈ తగువుని తీర్చింది హెచ్‌పీలో డేనియల్ డవ్ వాళ్ళు. పోర్టే తన వైర్లని మార్చుకోగలిగేలా చేశారు. దీన్నే ఆటో ఎండీఐ-ఎక్స్ అంటారు. కానీ రెండువైపులా ఇలాంటి పోర్టులే ఉంటే? సన్న సందులో ఎదురుపడ్డ ఇద్దరిలా, వాడు కుడికి జరిగితే వీడూ అటే, వాడు ఎడమకి వస్తే వీడూ ఇటే. ఈ నాట్యం రోజంతా నడవొచ్చు. దీనికి వాళ్ళు పెట్టిన మందు మీరు ఊహించే ఉంటారు: లాటరీ! ఎప్పుడు మారాలో ఒక్కో పోర్టూ తనకి తోచిన అంకెని బట్టి తేల్చుకుంటుంది. ఎక్కడో ఒకచోట ఇద్దరి అంకెలూ వేరవుతాయి, లింక్ లైటు వెలుగుతుంది. హవాయి దీవుల రేడియో కిటుకు ముప్పై ఏళ్ళ లోపే ఆర్‌జె-45 పోర్టులో దూరిందన్నమాట. 1999లో ప్రమాణం వచ్చిన రాగి గిగాబిట్ పోర్టుల్లో దాదాపు అన్నిట్లో ఈ సౌకర్యం ఉంది కాబట్టి, ఒకవైపు అలాంటి పోర్టు ఉంటే చాలు, క్రాస్ కేబులు అక్కర్లేదు. ఇంటర్వ్యూ ప్రశ్న మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు బతికింది.

ఇహ అడ్రసులు. టీసీపీ/ఐపీ ఇళ్ళలోకి రాకముందు నెట్‌బ్యూయీ ఉండేది. దానికి అడ్రసుల గోలే లేదు, పేర్లతోనే పని. రెండు కంప్యూటర్లకి అంతకన్నా హాయి ఇంకోటి లేదని నా అభిప్రాయం. కాకపోతే రౌటర్ దాటలేదు. ఇంటర్నెట్ కావాలంటే ఐపీ తప్పదు. 1996 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 1918 అని ఒక పత్రం వచ్చింది. మనందరి ఇళ్ళలో ఉండే 192.168 అడ్రసులు "ఎవరైనా వాడుకోవచ్చు, బయటికి మాత్రం చెల్లవు" అని అధికారికంగా అన్నది అందులోనే. కానీ వాటిని ఎవరో ఒకరు పంచాలి కదా. పంచేవాడు లేని చోట 169.254తో మొదలయ్యే అడ్రసు ఎవరికి వాళ్ళే తీసుకోవచ్చన్నారు. విండోస్ 98లోనే ఇది వచ్చింది, 2005లో ఆర్‌ఎఫ్‌సీ 3927గా ప్రమాణమైంది. 65,024 అడ్రసుల్లోంచి యంత్రం లాటరీ తీసి ఒకటి ఎంచుకుంటుంది. "ఇది ఎవరికైనా ఉందా?" అని కేకేస్తుంది. ఎవరూ పలక్కపోతే అది తనదే. పలికితే మళ్ళీ లాటరీ.

169.254 కనపడగానే మనం "నెట్‌వర్క్ చచ్చింది" అంటాం. హెల్ప్‌డెస్క్ వాళ్ళైతే దాన్నొక రోగలక్షణంలా చూస్తారు. పాపం, అది ఉన్నదే రెండు కంప్యూటర్లు, ఒక కేబులు, మూడోవాడు లేని ఇల్లు కోసం.

తర్వాత పేర్లు. 1992 అక్టోబరులో విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్ వచ్చింది. తర్వాత విండోస్ 95 తెర మీద నెట్‌వర్క్ నైబర్‌హుడ్ బొమ్మ వచ్చింది. అది నొక్కితే చుట్టుపక్కల కంప్యూటర్ల జాబితా రావాలి. ఆ జాబితా ఎవరి దగ్గర ఉంటుంది? దానికి నిజంగానే ఎన్నికలు పెట్టారు. కంప్యూటర్లన్నీ పోటీపడి ఒకదాన్ని మాస్టర్ బ్రౌజర్‌గా ఎన్నుకుంటాయి. ఎన్‌టీ సర్వర్ ఉంటే అదే గెలుస్తుంది, లేకపోతే ఎన్‌టీ వర్క్‌స్టేషన్, ఆ తర్వాతే మన 95లు. ఒక్కో యంత్రం 12 నిమిషాలకోసారి "నేనున్నాను" అని చాటుకోవాలి. మూడుసార్లు చాటకపోతేనే జాబితాలోంచి తీస్తారు. అంటే ఆపేసిన కంప్యూటర్ 36 నిమిషాల దాకా జాబితాలో బతికే ఉండొచ్చు, ఇప్పుడే ఆన్ చేసింది కాసేపు కనపడకపోవచ్చు. రెండే కంప్యూటర్లున్న ఇంట్లో ఎన్నికలు! అందులో గెలిచినవాడు షట్‌డౌన్ అయితే మళ్ళీ మధ్యంతరం. ఎఫ్5 కొట్టీ కొట్టీ వేళ్ళరిగిన తరం గోడుకి మూలం ఇది.

అసలు ఈ ఫైల్ షేరింగ్ భాష పేరు ఎస్‌ఎంబీ. 1980ల మొదట్లో ఐబీఎంలో బారీ ఫైగెన్‌బామ్ మొదలుపెట్టాడు, మైక్రోసాఫ్ట్ దాన్ని పెంచి పెద్ద చేసింది. దీని చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఆస్ట్రేలియాలో జరిగింది. కాన్‌బెర్రాలో పీహెచ్‌డీ చేస్తున్న ఆండ్రూ ట్రిడ్జెల్ తన డాస్ పీసీ నుంచి యూనిక్స్ మెషీన్ డిస్కు వాడుకోవాలనుకున్నాడు. ప్రోటోకాల్ పత్రాలు చేతిలో లేవు. వైరు మీద పోయే ప్యాకెట్లని పట్టి చూసి, ఏ ప్రశ్నకి ఏ జవాబు వస్తోందో గమనించి, అదే జవాబిచ్చే సర్వర్ రాసేశాడు. 1992 మొదట్లో దాన్ని జనానికిచ్చి, తర్వాత మర్చిపోయాడు. దాదాపు రెండేళ్ళకి, ఇంట్లో భార్య పీసీని తన లినక్స్ మెషీన్‌కి కలపాల్సి వచ్చింది. పాత కోడు ఏమైనా పనికొస్తుందేమోనని నడిపి చూస్తే, పనిచేసింది! తను ఆనాడు పట్టుకున్నది విండోస్ ప్రపంచమంతా మాట్లాడే భాషేనని అప్పుడు అర్థమైంది. 1993 డిసెంబరులో ప్రాజెక్టుని మళ్ళీ మొదలుపెట్టాడు. మొదటి పేరుకి ట్రేడ్‌మార్క్ అడ్డొస్తే, ఎస్, ఎం, బీ అక్షరాలు వరసగా వచ్చే మాటల కోసం డిక్షనరీ ఫైలు మీద గ్రెప్ కొట్టి సాంబా అని పెట్టాడు. ఇద్దరున్న ఇంట్లో రెండు కంప్యూటర్లు కలపబోతే పుట్టినది ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్లలో నడిచింది.

ఇప్పుడు అసలు తగువుకొద్దాం. ఎవర్ని నమ్మాలి? ఇక్కడ లాటరీ పనికిరాదు. తలుపు తట్టినవాడు ఇంటివాడా దొంగా అన్నది బొమ్మా బొరుసుతో తేలదు. తేల్చడం కష్టం కాబట్టి ఆనాటి రూపకర్తలు తేలిక దారి పట్టారు: ఈ వైరు మీద ఉన్నవాళ్ళంతా మనవాళ్ళే అనుకున్నారు. 1983లో ఒక గదిలో అరడజను పీసీలకి ఆ మాట నిజమే కాబట్టి వాళ్ళని తప్పుపట్టను. తర్వాతివాళ్ళని మాత్రం పడతాను. అదే వైరు ఇంటర్నెట్‌కి కలిశాక కూడా ఆ అంచనాని మార్చలేదు.

విండోస్ 95లో ఫైల్ షేరింగ్ ఆన్ చేస్తే, అది ఇంటి కార్డుకే కాక డయలప్‌కి కూడా అతుక్కునేది. పక్క గదికని తెరిచిన సీ డ్రైవు ఊరందరికీ తెరుచుకునేది. కేబుల్ మోడెమ్‌లు వచ్చిన కొత్తలో అమెరికాలో నెట్‌వర్క్ నైబర్‌హుడ్ తెరిస్తే నిజంగానే ఇరుగుపొరుగుల కంప్యూటర్లు కనపడేవి. పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు కదా అంటారా? 2000 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ ఎంఎస్00-072 అనే ప్యాచ్ ఇచ్చింది. 95, 98, ఎంఈలలో షేర్ పాస్‌వర్డ్ సరిచూసేటప్పుడు, ఎన్ని అక్షరాలు చూడాలో వచ్చినవాడే చెప్పేవాడు! "నాది ఒక్క అక్షరం" అంటే మొదటి అక్షరం ఒక్కటే చూసి తలుపు తీసేది. తాళం వేసి చెవి చూరులో పెట్టడం కూడా ఇంతకన్నా నయం. 2002లో ఒపాసర్వ్ అనే వార్మ్ ఈ కన్నంలోంచే కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి పాకింది, ప్యాచ్ వచ్చి రెండేళ్ళయ్యాక కూడా.

ఎక్స్‌పీలో సింపుల్ ఫైల్ షేరింగ్ అని పెట్టి, నెట్‌వర్క్ మీద వచ్చినవాళ్ళందర్నీ గెస్ట్ చేసేశారు. నిజానికి ఇళ్ళని చాలావరకు కాపాడినది వేరే పని కోసం పుట్టిన వస్తువు. ఒకే ఫోన్ లైన్ మీద ఇంట్లో ఇద్దరు ఇంటర్నెట్ వాడుకోడానికని 1999లో విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌లో ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ వచ్చింది. మోడెమ్ ఉన్న కంప్యూటర్ 192.168.0.1 అయ్యి, రెండోదానికి అడ్రసిచ్చేది. ఇంట్లో మొదటిసారి ఒకడు పెద్దమనిషయ్యాడు! ఆ పెద్దరికాన్నే తర్వాత రౌటర్ డబ్బా తీసుకుంది. దాంతో బయటివాళ్ళకి లోపలి కంప్యూటర్లు నేరుగా కనపడటం మానేశాయి. అది భద్రత కోసం పెట్టింది కాదు, అడ్రసుల కరువులోంచి వచ్చింది.

నమ్మకం తగువుని సూటిగా పట్టించుకున్న ప్రయత్నం నాకు తెలిసి 2009లో విండోస్ 7 తెచ్చిన హోమ్‌గ్రూప్. ఒక కంప్యూటర్ పాస్‌వర్డ్ తయారుచేసి చూపిస్తుంది. మీరు అది కాగితం మీద రాసుకుని, లేచి, పక్క గదికి నడిచెళ్ళి, రెండోదాంట్లో కొట్టాలి. అంతే. పెద్దమనిషి మీరే. నాకు ఇది చాలా తెలివైన పని అనిపిస్తుంది. జనానికి నచ్చలేదు, 2018లో విండోస్ 10లోంచి తీసేశారు.

ఈలోగా మొదటి తరం ఎస్‌ఎంబీ మాత్రం పాత ప్రింటర్లు, పాత డిస్కు డబ్బాల కోసం అన్ని విండోస్‌లలోనూ అలాగే ఉండిపోయింది. 2016లో మైక్రోసాఫ్ట్‌లో దాన్ని చూసుకునే నెడ్ పైల్ స్వయంగా "దయచేసి దీన్ని వాడటం మానండి" అని మొత్తుకున్నాడు. 2017 మార్చి 14న దాంట్లో కన్నానికి ప్యాచ్ వచ్చింది. ఏప్రిల్‌లో అమెరికా ఎన్‌ఎస్‌ఏ దాచుకున్న ఆయుధం ఎటర్నల్‌బ్లూ బయటపడింది. మే 12న వాన్నాక్రై. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులు రోగుల అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దెబ్బతిన్నాయి. రౌటర్ వెనకాల క్షేమంగా ఉన్నామనుకున్న నెట్‌వర్క్‌లలో ఒక్క యంత్రం పట్టుబడితే చాలు, మిగతావన్నీ దాన్ని మనవాడే అనుకున్నాయి.

ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి, కొత్తగా వేసుకుంటే ఎస్‌ఎంబీ1 ఉండదు. 2024 నాటి విండోస్ 11 24హెచ్2 అయితే గెస్ట్‌గా పోయే అలవాటుని ప్రో ఎడిషన్‌లో కూడా ఆపేసింది. అందుకే ఈరోజు మీరు అటకమీంచి ఎక్స్‌పీ కంప్యూటర్ దించి కొత్త ల్యాప్‌టాప్‌కి కేబుల్‌తో కలిపితే, లింక్ లైటు వెలుగుతుంది, అడ్రసులొస్తాయి, ఫోల్డర్ మాత్రం తెరుచుకోదు. నెట్‌లో వెతికితే "విండోస్ ఫీచర్స్‌లోకి వెళ్ళి ఎస్‌ఎంబీ1 టిక్కు పెట్టండి" అని పదిమంది చెబుతారు. రోజూ ఇంటర్నెట్‌లో తిరిగే ల్యాప్‌టాప్‌లో ఆ టిక్కు పెట్టకండి. పాత ఫోటోలే కావాలంటే హార్డ్ డిస్కు ఊడదీసి యూఎస్‌బీ అడాప్టర్‌తో చదవండి, లేదా పాతదాన్ని లినక్స్ సీడీతో బూట్ చేసి ఎస్‌ఎస్‌హెచ్ మీద లాగండి.

రెండూ పాతవే అయితే మాత్రం నాకు అభ్యంతరం లేదు. వైఫై ఉంటే ఆపి, రౌటర్ వైరు పీకేసి, రెంటికీ మధ్య ఒక్క క్రాస్ కేబులు గుచ్చండి. ఆ వైరు మీద 1983 నాటి అంచనా అక్షరాలా నిజం, మూడోవాడు ఎవడూ లేడు. రెంటికీ ఒకే వర్క్‌గ్రూప్ పేరు పెట్టండి. అడ్రసులు రావడానికి ఒక నిమిషం పడుతుంది. కింద మూల పసుపు త్రికోణం వచ్చి "లిమిటెడ్ ఆర్ నో కనెక్టివిటీ" అంటుంది, కంగారు పడకండి. అడ్రసిచ్చే పెద్దమనిషి దొరకలేదని దాని గోల.